గుడ్డు పక్కన ఏముంది?

షుగరుకో బీపీకో మందులు వాడే పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఉడికించిన కోడిగుడ్డు రెండు వాటాలవుతుంది. తెల్లసొన తాతగారి కంచంలోకి, పచ్చసొన మనవడి కంచంలోకి. ‘పచ్చసొన తీసేసి తినండి’ అని డాక్టరు ఒక్కసారి అంటే చాలు, ఇంటిల్లిపాదీ దాన్ని ఏళ్ళ తరబడి పాటిస్తారు. అదే తాతగారు మారు అన్నం వడ్డించుకుంటున్నా, సాయంత్రం నాలుగు మిరపకాయ బజ్జీలు లాగిస్తున్నా పెద్దగా అడ్డుపడేవాళ్ళుండరు. గుడ్డు మీద పడిన కన్ను అన్నం మీద ఎందుకు పడలేదో తెలియాలంటే వందేళ్ళ వెనక్కి వెళ్ళాలి.

కథ కుందేళ్ళతో మొదలైంది. 1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్ట్రాల్ తినిపించి చూశాడు. వాటి రక్తనాళాల గోడలకు కొవ్వు పేరుకుంది. రక్తనాళాల జబ్బుకూ కొలెస్ట్రాల్‌కూ లంకె ఉందని తేల్చిన గొప్ప ప్రయోగమే అది. కాకపోతే కుందేలు గడ్డీ ఆకులూ తిని బతికే జీవి. తిండిలో కొలెస్ట్రాల్ అన్నదే ఎరగని శరీరం దానిది, ఒక్కసారిగా మీద పడితే సర్దుకోలేదు. మనిషి సంగతి వేరు. మన ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయం తయారు చేసుకున్నదే. తిండిలో ఎక్కువ వస్తే చాలామందిలో కాలేయం తన తయారీని తగ్గించుకుంటుంది, పేగు కూడా కొంత వదిలేస్తుంది. అందరిలో ఈ సర్దుబాటు ఒకేలా జరగదన్నది కూడా నిజమే. కొందరిలో గుడ్లు పెరిగితే రక్తంలో కొలెస్ట్రాల్ కూడా చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. ఆ కొందరి సంగతి తర్వాత చూద్దాం.

1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ దాటవద్దని, వారానికి మూడు పచ్చసొనలకు మించవద్దని సలహా ఇచ్చింది. ఒక గుడ్డులో దాదాపు 190 మిల్లీగ్రాములు ఉంటుంది, అంతా పచ్చసొనలోనే. లెక్క సులువుగా కుదిరింది. నన్నడిగితే గుడ్డుకు ఇంత చెడ్డపేరు రావడానికి ఆ సులువే ముఖ్య కారణం. వెన్న, నెయ్యి, కేకు, వేపుడు వీటిలో ఉండే సంతృప్త కొవ్వును కంటితో చూసి కొలవలేం. గుడ్లనైతే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. లెక్కకు అందేదాన్ని కట్టడి చేయడం డాక్టరుకూ తేలిక, రోగికీ తేలిక.

గుడ్ల వ్యాపారులు ఊరుకోలేదు. గుడ్లకూ గుండెజబ్బుకూ సంబంధం ఉందనడానికి శాస్త్రీయమైన ఆధారమే లేదంటూ అమెరికాలో 1970లలో ప్రకటనలు గుప్పించారు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుకుంది, కోర్టు కూడా కమిషన్‌నే సమర్థించింది. ఆధారం బలంగా లేదంటే సరిపోయేది, అసలు లేదనడం అబద్ధం. 1984లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద రెండు గుడ్లు కళ్ళుగా, ఒక బేకన్ ముక్క వంగిన నోరుగా ఏడుపు మొహం ఒకటి వేసింది. అలాంటి బొమ్మ ముందు వంద పరిశోధనా పత్రాలున్నా నిలవవు.

ఇక 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ముసలాయన కథ వచ్చింది. 88 ఏళ్ళవాడు, రోజుకు పాతిక గుడ్లు తినే అలవాటు, అది కూడా ఏళ్ళ తరబడి. రక్తంలో కొలెస్ట్రాల్ మాత్రం మామూలుగానే ఉంది. ఫ్రెడ్ కెర్న్ అనే వైద్యుడు పరీక్షించి చూస్తే, ఆయన తిన్న కొలెస్ట్రాల్‌లో ఒంటికి పడుతున్నది ఐదో వంతు కూడా లేదు. ఈ కథ చెప్పి రోజుకు అరడజను గుడ్లు తినమనేవాళ్ళు ఇప్పటికీ దొరుకుతారు. శరీరం ఎంత దూరం సర్దుకోగలదో ఆ ఒక్క మనిషి చూపించాడు, అంతే. మన శరీరం కూడా అలాగే సర్దుకుంటుందన్న హామీ అందులో లేదు.

1999 నుంచి పెద్ద పెద్ద అధ్యయనాలు వరుసగా వచ్చాయి. హార్వర్డ్ బృందం అమెరికా నర్సులనూ ఆరోగ్య వృత్తుల్లోని మగవాళ్ళనూ ఏళ్ళపాటు గమనించి, రోజుకు ఒక గుడ్డు వరకు తింటే ఆరోగ్యవంతుల్లో గుండెజబ్బు ముప్పు పెరిగినట్టు లేదని తేల్చింది. షుగరు ఉన్నవాళ్ళలో మాత్రం పెరిగినట్టు కనబడిందని కూడా చెప్పింది. 2018లో చైనాలో లక్షలమంది మీద జరిగిన అధ్యయనం ఇంకో అడుగు వేసి, రోజూ గుడ్డు తినేవాళ్ళకు గుండెజబ్బులూ పక్షవాతమూ తక్కువగానే వచ్చాయంది. అయితే చైనాలో రోజూ గుడ్డు తినేవాళ్ళు చదువులోనూ సంపాదనలోనూ కాస్త మెరుగైనవాళ్ళు. మేలు చేసింది గుడ్డా, ఆ సంపాదనా అన్నది విడదీసి చెప్పడం కష్టం. మరుసటి ఏడాదే అమెరికా నుంచి దీనికి ఎదురు ఫలితం వచ్చింది. ఆరు అధ్యయనాల్లోని 29,615 మంది వివరాలను కలిపి చూస్తే, రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అదనంగా తిన్నకొద్దీ గుండెజబ్బుల ముప్పు 17 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ మరుసటి ఏడాది, అంటే 2020లో, భారత్‌తో సహా 50 దేశాల్లో 1,77,000 మందిని చూసిన మూడు అంతర్జాతీయ అధ్యయనాల విశ్లేషణ గుడ్లకూ గుండెజబ్బులకూ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదంది.

పత్రికలు వీటిని వన్డే మ్యాచ్ స్కోర్లలా రాశాయి, ఈ ఏడాది గుడ్డు గెలిచింది, వచ్చే ఏడాది ఓడింది అని. చదివేవాళ్ళకు విసుగొచ్చి, ‘వీళ్ళు రోజుకో మాట చెబుతారు, మనకు తోచింది తిందాం’ అనుకున్నారు. ఒక్క సంగతి గమనిస్తే ఈ ఫలితాల్లో కనబడే వైరుధ్యం చాలావరకు విడిపోతుంది. ఈ దేశాల్లో జనం గుడ్డును వేటితో కలిపి తింటున్నారు, గుడ్డు లేకపోతే దాని బదులు ఏం తినేవాళ్ళు?

అమెరికావాడి పొద్దుటి కంచంలో గుడ్డుతో పాటు వెన్న, బేకన్, సాసేజీ ఉంటాయి. రక్తంలో ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడంలో సంతృప్త కొవ్వుదే పెద్ద చెయ్యి. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసే గ్రాహకాలను కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. కాలేయం మీదుండే ఆ గ్రాహకాల పని సంతృప్త కొవ్వు ఎక్కువైతే మందగిస్తుంది. గుడ్డులో కొలెస్ట్రాల్ ఎక్కువే గాని సంతృప్త కొవ్వు గ్రామున్నరకు అటూ ఇటూ మాత్రమే. ఈ రెంటినీ విడదీసి చూద్దామని దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ప్రయోగం 2025లో వెలువడింది. సంతృప్త కొవ్వు తక్కువున్న భోజనంతో రోజుకు రెండు గుడ్లు తిన్నప్పటి కంటే, ఆ కొవ్వు ఎక్కువున్న భోజనంతో వారానికి ఒక్క గుడ్డు తిన్నప్పుడే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉంది.

ఈ ప్రయోగానికి డబ్బిచ్చింది అమెరికా గుడ్ల పరిశ్రమ సంస్థ. ఆ మాట చెప్పకుండా ఫలితం మాత్రం చెబితే పాఠకుడికి అన్యాయం చేసినట్టే. గుడ్ల పరిశోధనలో పరిశ్రమ డబ్బు వాటా దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిందని 2019లో ఒక సమీక్ష లెక్కగట్టింది. ఆ సమీక్ష రాసినవాళ్ళేమో మాంసం, పాలు, గుడ్లు ఏవీ తినొద్దని ప్రచారం చేసే వైద్యుల సంస్థవాళ్ళు. ఈ రంగంలో ఎవరి కాగితం చదివినా ఇంకో చేత్తో వాళ్ళ జేబు కూడా తడిమి చూసుకోవాలి. అయినా సంతృప్త కొవ్వు గురించిన మాట గుడ్ల వ్యాపారులు పుట్టించింది కాదు, వాళ్ళతో ఏ సంబంధమూ లేని పరిశోధనలు ఎన్నో ముందునుంచీ చెబుతున్నదే. అమెరికా ప్రభుత్వం 2015-20 ఆహార మార్గదర్శకాల్లో 300 మిల్లీగ్రాముల హద్దును తీసేసింది. 1968లో మూడు పచ్చసొనలే అన్న హార్ట్ అసోసియేషన్ కూడా 2019 చివర్లో ఆరోగ్యవంతులు రోజుకు ఒక గుడ్డు తినవచ్చంది, అదీ మొత్తం భోజనం సవ్యంగా ఉంటేనే.

మన కంచం దగ్గరికి వద్దాం. తెలుగువాడికి బేకన్ బెడద లేదు. మన గుడ్డు పక్కన ఉండేది అన్నం, పక్కన అనడం కూడా తప్పే, అన్నం పక్కనే గుడ్డు ఉంటుంది. మూడు ముద్దల పులుసన్నానికి ఒక గుడ్డు ముక్క. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళ ఇండియాబ్ అధ్యయనం 2025లో నేచర్ మెడిసిన్‌లో ప్రచురించిన ఫలితాల ప్రకారం భారతీయులు తినే కేలరీల్లో సగటున 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. అందులో అయిదు శాతం తగ్గించి, ఆ మేరకు పప్పులు, పాలు, గుడ్లు, చేపల నుంచి ప్రోటీన్ తీసుకునే లెక్క వేస్తే షుగరు వచ్చే అవకాశం తగ్గినట్టు కనబడిందని కూడా అది చెప్పింది. ఇది కూడా జనాన్ని గమనించి కట్టిన లెక్కే, ప్రయోగం కాదు. కానీ లెక్క మన కంచం మీద కట్టింది, ఇంకెవరిదో కాదు.

జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది మన హైదరాబాద్‌లోనే, తార్నాకలో. ఐసీఎంఆర్ తరఫున అది 2020లో వేసిన లెక్కల్లో 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాముల ప్రోటీన్ కావాలి, 55 కిలోల ఆడమనిషికి 46 గ్రాములు. గుడ్డు ఒకటి ఇచ్చేది ఆరు గ్రాములు, కేలరీలు 70 చిల్లర. అంకె చిన్నదే, నాణ్యత గొప్పది. మన శరీరానికి అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ సరైన పాళ్ళలో ఉండబట్టే ఒకప్పుడు మిగతా ఆహారాల ప్రోటీన్‌ను గుడ్డుతో పోల్చి తూచేవారు. దాంతోపాటు బీ12, సెలీనియం, కొంత డీ విటమిన్, కంటికి పనికొచ్చే ల్యూటిన్ వస్తాయి. మెదడు ఎదుగుదలకు కావలసిన కోలీన్ కూడా దండిగా ఉంటుంది, అది ఎక్కువగా దొరికే కొద్దిపాటి ఆహారాల్లో గుడ్డు ముఖ్యమైనది. వీటిలో డీ విటమిన్, ల్యూటిన్, కోలీన్ దాదాపు అన్నీ ఉండేది పచ్చసొనలో. పచ్చసొన తీసేసినవాళ్ళు కొలెస్ట్రాల్‌తో పాటు పారేస్తున్నది ఇదంతా. గుడ్డులో లేనివి కూడా చెప్పాలి. పీచు లేదు, సీ విటమిన్ లేదు. ఇనుము ఉన్నా పచ్చసొనలోని ఫాస్విటిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచుతుంది, ఒంటికి పట్టేది కొంచెమే. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఆ సమస్యను గుడ్డు మీద పెట్టి కూర్చుంటే తీరదు.

ఎదుగుదల మాట వేరు. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు రెండు రాష్ట్రాల్లోనూ మూడోవంతుకు దగ్గరగా ఉన్నారు. ఈక్వడార్‌లో ఆరు నుంచి తొమ్మిది నెలల పసివాళ్ళకు ఆరు నెలలపాటు రోజూ ఒక గుడ్డు తినిపించి చూస్తే, ఎత్తు పెరగని పిల్లల సంఖ్య గుడ్డు ఇవ్వనివాళ్ళతో పోలిస్తే 47 శాతం తగ్గింది. 2017లో ఈ ఫలితం వచ్చినప్పుడు ప్రపంచమంతా గుడ్డుకు జేజేలు కొట్టింది. ఆఫ్రికాలోని మలావీలో అదే ప్రయోగం చేస్తే ఎత్తులో తేడా రాలేదు. అక్కడి పల్లెలు సరస్సు ఒడ్డువి, పిల్లలు ముందునుంచే చేపలు తింటున్నారు, పొట్టిగా ఉండిపోయిన పిల్లలు కూడా అంత ఎక్కువమంది లేరు. లేనిచోట గుడ్డు చేసే మేలు ఉన్నచోట చేయదు.

ఈ మాట మనకు అంగన్‌వాడీల దగ్గర, బడుల దగ్గర పనికొస్తుంది. ఈ దారిలో ముందు నడిచింది తమిళనాడు. 1989లో కరుణానిధి ప్రభుత్వం బడి పిల్లలకు పదిహేను రోజులకో గుడ్డుతో మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు వచ్చాయి, తెలంగాణలో మూడు. తెలంగాణ 2015లో మొదలుపెట్టిన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో పూటభోజనంతో పాటు రోజూ గుడ్డు, పాలు. కొన్ని రాష్ట్రాల్లో బడిలో గుడ్డు పెట్టవచ్చా లేదా అన్నదాని మీదే రాజకీయం నడిచింది. మన దగ్గర ఆ గొడవ లేదు, సంతోషం. గుడ్డు తినని ఇళ్ళ పిల్లలకు అరటిపండుతో సరిపెట్టడం మాత్రం సరైన లెక్క కాదు, అరటిపండులో ప్రోటీన్ ఏపాటిది? వాళ్ళకు పాలో, వేరుశనగ చిక్కీయో, గుగ్గిళ్ళో ఇవ్వాలి. గుడ్డు లేకుండా ఆరోగ్యంగా బతకవచ్చు, పప్పూ పాలూ పెరుగూ సరిపడా అందే ఇంట్లో దాని అవసరమే లేదు.

పసిపిల్లలకు ఏడాది దాటితే గాని గుడ్డు పెట్టకూడదని మన ఇళ్ళలో ఒక భయం ఉంది, ఎలర్జీ వస్తుందని. జపాన్‌లో ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉన్న పసివాళ్ళ మీద చేసిన ప్రయోగం, 2017లో లాన్సెట్‌లో వచ్చింది, సరిగ్గా దీనికి ఎదురు చెప్పింది. ఆరో నెల నుంచే బాగా ఉడికిన గుడ్డు పొడి కొద్దికొద్దిగా తినిపించినవాళ్ళలో గుడ్డు ఎలర్జీ బాగా తగ్గింది. ఇప్పటికే ఒళ్ళు దద్దుర్లతో ఉన్న పిల్లలకు డాక్టరును అడిగి మొదలుపెట్టడం మేలు. మిగతావాళ్ళకు ఆరు నెలలు నిండాక మెత్తగా చిదిమిన ఉడికిన గుడ్డుకు జంకనక్కర్లేదు.

జంకవలసినవాళ్ళు వేరే ఉన్నారు. తిండిలోని కొలెస్ట్రాల్‌కు రక్తం ఎక్కువగా స్పందించే కొందరి సంగతి మొదట్లో అనుకున్నాం కదా, వాళ్ళు. వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ బాగా ఎక్కువుండే కుటుంబాలవాళ్ళు, ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్ళు. వీళ్ళకు పచ్చసొనల లెక్క నిర్ణయించవలసింది రక్తపరీక్ష చూసిన డాక్టరే. షుగరు ఉన్నవాళ్ళ విషయంలో శాస్త్రం ఇంకా పూర్తిగా ఒక మాట మీద లేదు. జనాన్ని గమనించిన కొన్ని అధ్యయనాలు ముప్పు చూపాయి. సిడ్నీలో షుగరు రోగులకు మూడు నెలలపాటు వారానికి పన్నెండు గుడ్లు పెట్టిన ప్రయోగంలో కొలెస్ట్రాల్ ఏమీ చెడిపోలేదు. అయితే వాళ్ళ భోజనంలో మంచి నూనెలు చేర్చి సంతృప్త కొవ్వు తగ్గించారు, మూడు నెలలన్నది గుండెజబ్బు లెక్కలో చాలా కొద్ది కాలం కూడా. నా మట్టుకు, షుగరు ఉండి కొలెస్ట్రాల్ అదుపులో ఉన్నవాళ్ళు రోజుకు ఒక పూర్తి గుడ్డు తిని, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గిస్తే లాభమే తప్ప నష్టం కనబడదు.

వంటింట్లో జరిగే పాపం కూడా గుడ్డు ఖాతాలోకే పోతోంది. ఒక పెద్ద చెంచా నూనెలో వంద పైచిలుకు కేలరీలు ఉంటాయి, అంటే గుడ్డు కంటే ఎక్కువ. బండి దగ్గర ఎగ్ ఫ్రైడ్ రైస్‌లో రెండు గుడ్లకు ఎంత నూనె పోస్తున్నాడో ఒకసారి చూడండి. బేకరీ ఎగ్ పఫ్ ఇంకో తంతు, లోపల సగం గుడ్డు, చుట్టూ మైదా, డాల్డాల పొరలు. అమెరికావాడి బేకన్‌కు మన జవాబు అదే. 2022 నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ రెండు శాతం మించకూడదని నియమం వచ్చింది గాని, సంతృప్త కొవ్వు ఎక్కడికీ పోలేదు. ములక్కాడ వేసిన కోడిగుడ్డు పులుసు, ఉల్లిపాయ టమాటాలతో గుడ్డు పొరటు, తోటకూర వేసిన అట్టు వీటిలో చెంచాడు నూనె సరిపోతుంది, పీచూ సీ విటమినూ కూరగాయల్లోంచి వస్తాయి. చింతపండు పులుసులో గాట్లు పెట్టిన గుడ్డు పీల్చుకున్న రుచి ముందు ఏ ఆమ్లెట్టూ నిలవదనేది నా పక్షపాతం.

పచ్చిగుడ్డు పాలలో కొట్టి తాగితే కండ పడుతుందని వ్యాయామశాలల్లో ఇంకా నమ్ముతారు. 1998లో బెల్జియంలో కొలిచి చూస్తే ఉడికిన గుడ్డులోని ప్రోటీన్ 91 శాతం అరిగింది, పచ్చిగుడ్డులోది 51 శాతమే. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్ విటమిన్‌ను కూడా పట్టేస్తుంది, సాల్మొనెల్లా భయం సరేసరి. మే నెల ఎండలో దుకాణం అరుగు మీద అట్టలు పేర్చి అమ్మే గుడ్డును పచ్చిగా తాగడం ఎందుకు? బాగా ఉడికిస్తే పచ్చసొన చుట్టూ వచ్చే ఆకుపచ్చ వలయం విషమేమీ కాదు, ఎక్కువసేపు ఉడికినందుకు ఇనుమూ గంధకమూ కలిసి ఏర్పడిన రంగు. దించగానే చన్నీళ్ళలో వేస్తే అది కూడా రాదు. నాటుకోడి గుడ్డు పెంకు రంగు కోడి జాతిని బట్టి, పచ్చసొన రంగు కోడి తిన్న మేతను బట్టి ఉంటాయి. రుచిలో తేడా ఉంటే ఉండవచ్చు, రెట్టింపు ధరకు తగ్గ రెట్టింపు బలమైతే రంగులో లేదు.

ఇక ఉత్పత్తి. కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 లెక్కల ప్రకారం 2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు వచ్చాయి. అందులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, మూడోది తెలంగాణది. దళారుల చేతిలో ఉన్న ధరను రైతు చేతికి తేవాలని కోళ్ళ పరిశ్రమ పెద్ద బి.వి. రావు చొరవతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ఏర్పడింది, ఆదివారమైనా సోమవారమైనా గుడ్డు తినమన్న దూరదర్శన్ ప్రకటన ఆ సంస్థదే. 2023-24లో దేశంలో తలసరి లభ్యత 103 గుడ్లు. జాతీయ పోషకాహార సంస్థ సిఫారసుగా చెప్పుకునే అంకె 180, అంటే రోజు విడిచి రోజు ఒకటి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు జనం గుడ్డు ముట్టుకోవడం మానేశారు. బాగా ఉడికితే ఆ వైరస్ బతకదు. నన్నడిగితే అసలు అడగాల్సింది మేతలో కలిపే యాంటీబయాటిక్‌ల గురించి. కొలిస్టిన్ అనే మందును పశువులకూ కోళ్ళకూ వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది, మిగతా మందుల సంగతి అట్ట మీద ఎక్కడా రాసి ఉండదు.

ఇంతా చేసి గుడ్డు ఎక్కువ అవసరమైన ఒక వర్గం ఏ పథకంలోనూ పెద్దగా కనబడదు. అరవై దాటాక కండ కరుగుతుంది, ఆకలి తగ్గుతుంది, పళ్ళు పోయి మాంసం నమలలేరు. పప్పు అరగదని మానేసి, చారన్నం, మజ్జిగన్నంతో రోజు వెళ్ళదీసే ముసలివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మెత్తగా ఉంటుంది, నిమిషాల్లో ఉడుకుతుంది, కొనగలిగిన ధరలో దొరుకుతుంది, వాళ్ళకు గుడ్డు కంటే అనువైనది చూపడం కష్టం. నెలనెలా పింఛను ఇచ్చే ప్రభుత్వాలు వారానికి నాలుగు గుడ్లు ఇవ్వలేవా? ముందు మన ఇళ్ళలోనైనా, కొలెస్ట్రాల్ పరీక్ష మామూలుగా ఉన్న పెద్దవాళ్ళ కంచంలోంచి పచ్చసొన తీయడం ఆపవచ్చు.